పట్టము ఇంటిపేరైన విధము

హైదరాబాదు నగరమునకు తూర్పుదెసను, విజయవాడకు బోవు పెద్దబాటమీద, దిల్‌సుఖ్‌నగర్ దాటి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ గడచినపిదప ఎల్.బి.నగర్ వచ్చును. ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘముగా నుండి 2007లో మహానగరపాలక సంస్థలో గలిసిపోయిన యీ ప్రాంతమునకు లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి. 2018 సెప్టెంబరులో మెట్రోబండి యిచ్చటివఱకు వచ్చినది మొదలు ఆ పేరు ప్రతిదినమును వేలకొలది జనుల చెవుల బడుచున్నది. కాని వినబడునది రెండు పొడి యక్షరములే. ఎల్బీ యనగా నేమని తరగతిలో నడిగినచో లాల్ బహదూర్ అని కొందఱు చెప్పగలరు. శాస్త్రి యను మాట యెచ్చట జాఱిపోయినదో వారికిని దెలియదు. నగరమధ్యమున ఫతేమైదానమునకు 1967లో ఆయన పేరు పెట్టినప్పుడును నిదియే జరిగినది. అదియు నిప్పుడు ఎల్బీ స్టేడియమే.

జాఱిపోయిన యా మాటయే మా యీ విమర్శకు మూలము. శాస్త్రి యన్నంతనే మన తెలుగువారు వైదిక కుటుంబమని తలంతురు. అది యాయన యింటిపేరు గాదు, కులనామమంతకంటెను గాదు. ఆయన 1904లో మొగల్‌సరాయిలో కాయస్థ కుటుంబమున జన్మించిరి. కులమును దెలుపు నామమును చిన్ననాడే విడిచివైచిరి. సహాయనిరాకరణోద్యమ కాలమున చదువుచున్న పాఠశాలను వదలి, జాతీయవిద్యకై నెలకొల్పబడిన కాశీ విద్యాపీఠమున జేరి, అచ్చట ఉత్తీర్ణులై పొందిన పట్టము శాస్త్రి. మనవారు పేరుచివర బి.ఏ. యని వ్రాసికొనునట్టి యక్షరములవి. పుట్టుకతో వచ్చిన నామమును త్రోసివైచి, చదివి సంపాదించిన నామమును దాల్చిన మనుష్యుడాయన.

ఇక నాయన కుమారుల పేర్లు చూడుడు: హరికృష్ణ శాస్త్రి, అనిల్ శాస్త్రి, సునీల్ శాస్త్రి. మనుమల పేర్లచివరను గూడ శాస్త్రి గలదు. తండ్రి పరీక్షలో నెగ్గినందున కుమారునకు పట్టమిచ్చు నాచారము ఏ విశ్వవిద్యాలయమునను లేదు. అయినను ఈ పట్టము ఒక తరములోనే యింటిపేరైపోయినది. ఇందు పుత్రుల తప్పేమియు లేదు. తండ్రిపేరు ధరించుట లోకసామాన్యమైన యలవాటు. కాని పేరుతోపాటు ప్రజల నమ్మకము గూడ నట్లే సంక్రమించునా? సంక్రమింపవలయునా? ఇది వారొక్కరిని గూర్చిన ప్రశ్న గాదు. వోటు చేతబట్టుకొనిన మన యందఱిని గూర్చినది.

ఈ ప్రశ్నకు మన సామెతలు రెండు సమాధానములు సిద్ధముగా నుంచినవి. తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడని గొప్పలు చెప్పుకొనువారిని వెక్కిరించునది యొకటి. పండితపుత్రుడు పరమశుంఠ యని ముందుగనే తీర్పు చెప్పునది రెండవది. మొదటిదానిని మేమంగీకరింతుము. రెండవదాని నంగీకరింపము. ఇరువదియేండ్లకు పైబడి బోధించుచున్న మాకు, పండితుల బిడ్డలలో తెలివిగలవారును మందమతులును అందఱి బిడ్డలలోవలెనే కనబడిరి. తండ్రి గొప్పవాడైనందున కుమారుడు గొప్పవాడగునను మాట యెంత యసత్యమో, చెడిపోవునను మాటయు నంతే యసత్యము. రెండును పుట్టుకనుబట్టి మనుష్యునకు వెలగట్టుటయే. కులవిషయమున ఆ పద్ధతిని గట్టిగా ఖండించిన మనము, నాయకుల సంతానము విషయమున దానినే దొడ్డిదారిని ఇంటిలోనికి రానిచ్చుట తగునా?

సిద్ధాంతములకంటె ముందు జరిగిన సంగతులు చూతము. లాల్ బహదూర్ శాస్త్రిగారు 1957లోను 1962లోను అలహాబాదునుండి లోకసభ కెన్నికైరి. 1964 జూనులో ప్రధానమంత్రియై, 1966 జనవరి 11వ తేదీని తాష్కెంటులో స్వర్గస్థులైరి. ఏడాది దాటిన కొలదికాలమునకే జరిగిన 1967 ఎన్నికలలో ఆ యలహాబాదునుండియే హరికృష్ణ శాస్త్రి గెలిచిరి. దుఃఖమింకను ఆఱని జనులు వేసిన వోట్లవి యని యనుకొనవచ్చును. ఇరువదియొక్క సంవత్సరముల పిమ్మట, 1988లో, అదే స్థానమునకు ఉపయెన్నిక వచ్చినది. కాంగ్రెసునుండి వెలువడి బోఫోర్సు ఫిరంగుల వ్యవహారమును జనులముందు బెట్టిన వి.పి. సింగ్ ఒకవైపు, కాంగ్రెసు అభ్యర్థిగా సునీల్ శాస్త్రి రెండవవైపు. తండ్రిని రెండుమాఱులు గెలిపించిన చోటనే కుమారుడోడిపోయెను.

1989 సార్వత్రిక ఎన్నికలలో జరిగినది యింకను విచిత్రము. ఫతేపూరునుండి 1980, 1984 సంవత్సరములలో గెలిచిన హరికృష్ణ శాస్త్రి, ఈమాఱు కాంగ్రెసు పక్షముననే నిలిచి, వి.పి. సింగ్ చేతిలో నోడిరి. అదే యెన్నికలలో ఆయన సోదరుడు అనిల్ శాస్త్రి, ఆ వి.పి. సింగ్ నాయకత్వము వహించిన జనతాదళము పక్షమున వారణాసిలో నిలిచి గెలిచిరి; పిదప నా ప్రభుత్వమున ఆర్థికశాఖలో ఉపమంత్రియైరి. సునీల్ శాస్త్రి తరువాతికాలమున భారతీయ జనతాపార్టీలోను బనిచేసిరి. మూడవతరమున ఆదర్శ్ శాస్త్రి 2015లో ఆమ్ ఆద్మీ పార్టీ పక్షమున ఢిల్లీ శాసనసభ కెన్నికై, 2020లో కాంగ్రెసున జేరిరి. శాస్త్రిగారి దౌహిత్రుడు సిద్ధార్థనాథ్ సింగ్ 2017లో ఉత్తరప్రదేశమున భారతీయ జనతాపార్టీ మంత్రివర్గమున నుండిరి. విభాకర్ శాస్త్రి 2024లో కాంగ్రెసు విడిచి ఆ పార్టీలో జేరిరి.

ఒక్క నామము నాలుగు పక్షముల జెండాలక్రింద నిలిచినది. వేఱువేఱు పక్షములలో నుండుట దోషమని మేమనము. ఒకే తల్లి బిడ్డలకు వేఱువేఱు అభిప్రాయము లుండుట స్వేచ్ఛకు గుర్తు. కాని దీనివలన నొకటి తేలుచున్నది. ఫతేపూరులో నొక శాస్త్రిని ఓడించి, వారణాసిలో నొక శాస్త్రిని గెలిపించినది ఒకే గాలి. పేరు రెండుచోట్లను నొకటియే గనుక, ఫలితమునకు పేరు కారణము గాదు. అయినను ప్రతి పక్షమును ఆ పేరును వెదకికొనుచు వచ్చినది. ఏల? వంశనామము జనులకు క్రొత్తగా పరిచయము చేయ నక్కఱలేదు. ఒక సామాన్యుని పేరు ఇంటింటికి దెలుపుటకు పట్టు కాలమును, ధనమును పక్షములకు మిగులును. ఇందులో భక్తికంటె లెక్క యెక్కువ.

ఇక సాహిత్యదృష్టితో విమర్శింపవలసిన దొకటి గలదు. అది తండ్రినిగూర్చి పుత్రులు చెప్పు కథలు. శాస్త్రిగారి కుమారులు చెప్పినందువలననే మన పిల్లలకు దెలిసిన కథలు రెండింటిని చూతము. మొదటిది అనిల్ శాస్త్రి చెప్పినది. ఇంటిలో కారు లేదని పిల్లలు పోరుపెట్టగా, ప్రధానమంత్రియైన తండ్రి ఫియట్ కారు కొనుటకు సమ్మతించెను. దాని వెల 12,000 రూపాయలు. ఖాతాలో నున్నది 7,000. తక్కిన 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకునుండి అప్పు తెచ్చిరి. ఆ యప్పు తీఱకముందే ఆయన గతించిరి. భార్య లలితాదేవి తనకు వచ్చిన పింఛనులోనుండి దానిని దీర్చిరి. రెండవది సునీల్ శాస్త్రి చెప్పినది. తండ్రికి ప్రభుత్వమిచ్చిన పెద్దకారును అడుగకుండ దీసికొని షికారు పోగా, మఱునాడు తండ్రి డ్రైవరును పిలిచి యెన్ని కిలోమీటర్లు తిరిగినదో కనుగొని, పదునాలుగు కిలోమీటర్ల సొమ్ము ప్రభుత్వమునకు గట్టించెను.

ఇవి మంచి కథలు. వీనిలో చెప్పువాడు తన్ను తాను గొప్పజేసికొనలేదు. ఒకదానిలో పోరుపెట్టిన బిడ్డడు. రెండవదానిలో తప్పుచేసి పట్టువడిన బిడ్డడు. కొమారుడు చిన్నబోయినకొలదియు తండ్రి పెద్దవాడగుచుండుట యీ కథల యందము. ఇంటిలోని మాటను దాచక లోకమునకు జెప్పినందుకు మనము వారికి ఋణపడియున్నాము. కాని కథ యెక్కడ చెప్పబడుచున్నదో దానినిబట్టి యర్థము మాఱును. బడిలో జెప్పినప్పుడు అది నీతికథ. ఎన్నికల వేదికమీద జెప్పినప్పుడు అదియే యాస్తిపత్రమగును. బడిలో వినిన బాలుడు, ప్రభుత్వపు కారు నాది కాదని నేర్చుకొనును. వేదికక్రింద వినిన వోటరు, ఇట్టి మహానుభావుని బిడ్డకు మనమేమైన నీయవలదా యని కరగిపోవును. మొదటివాడు కథను గ్రహించెను. రెండవవాడు దానిని తలక్రిందులు చేసెను. ఏలయన, ఆ కథలోని తండ్రి బిడ్డలకు విడిచిపోయినది బాకీ. రావలసిన పైకము గాదు. ఆ బాకీని దీర్చినది ఇల్లాలి పింఛను; ప్రజల వోటు గాదు. ప్రభుత్వపు కారునే కుమారుల కీయని తండ్రి, ప్రజలిచ్చిన పేరును మాత్రము వారికి వ్రాసియిచ్చియుండునా?

సంస్కృతమున వంశస్తుతికి పేరువడిన కావ్యము రఘువంశము. అది రాజవంశమును పొగడుటకే వ్రాసినదని చెప్పువారు కడవఱకు జదువనివారు. కాళిదాసు దిలీపుని గోసేవతో నారంభించెను. సర్వస్వమును దానమిచ్చి, వచ్చిన యతిథికి మట్టిపాత్రలో అర్ఘ్యమిచ్చిన రఘువును చూపెను. కాని పందొమ్మిదవ సర్గకు వచ్చునప్పటికి అగ్నివర్ణుడు సింహాసన మెక్కినాడు. రాజ్యభారము మంత్రులకు విడిచి అంతఃపురము దాటడు. దర్శనము గోరి ప్రజలు వచ్చినప్పుడు, మంత్రుల బలవంతముమీద, గవాక్షమునుండి ఒక పాదము వ్రేలాడదీసెను. వచ్చినవారు ఆ పాదమునకే నమస్కరించిరి. వంశమునకు మూలపురుషుని త్యాగము; తుదిపురుషునికి పాదప్రదర్శనము. మేమీ సర్గను బోధించినప్పుడెల్ల విద్యార్థులు అగ్నివర్ణుని నిందింతురు. పాదమునకు మ్రొక్కినవారి మాట యేమని మేమడుగుదుము. ముఖము చూపుమని యడుగు ధైర్యము వారికి లేకపోయినది. రఘుని వంశమన్న తలంపే వారి చేతులను జోడింపజేసినది.

ఇంగ్లీషు గద్యమున ఈ విషయమును మఱియొక త్రోవన జెప్పినవాడు ఎడ్మండ్ బర్క్. పార్లమెంటులో జీవితమంతయు శ్రమించిన యాయనకు ప్రభుత్వము పింఛనీయగా బెడ్‌ఫర్డ్ ప్రభువు ఆక్షేపించెను. 1796లో బర్క్ ప్రకటించిన ప్రత్యుత్తరము లేఖారూపమున నున్నది. నాకు వచ్చినది నా పనికి వచ్చినది. నీకున్నది నీ పూర్వికుని కొకరాజు అనుగ్రహించినది యని దాని సారాంశము. ఇంతవఱకు చదివి చప్పట్లు కొట్టుట సులభము. కాని యా లేఖలోనే, రెండేండ్లక్రిందట మరణించిన తన యేకైక కుమారుని దలచుకొని, వాడే బ్రతికియుండిన నేనును ఒక వంశమునకు మూలపురుషుడనై యుందును గదా యని యాయన దుఃఖించెను. వారసత్వమును వెక్కిరించిన చేతితోనే వారసునికై కన్నీరు తుడుచుకొనెను. కావున ఈ కోరిక యే దుష్టులదో యని త్రోసివేయరాదు. అది తలిదండ్రులందఱిలో నున్నది. మా అబ్బాయి నా పని యందుకొనవలెనని కోరుకొనని తండ్రి యెవడు? కోరికలో దోషము లేదు. దానిని దీర్చు భారము ప్రజలమీద బెట్టుటలో దోషమున్నది.

ఇంతవఱకు కాశీప్రయాగల మాట చెప్పితిమి. మన యింటిముంగిట జరిగినదానిని విడిచిన విమర్శ పాక్షికమగును. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ నివాసులలో పట్టభద్రులైనవారు మహబూబునగరము, రంగారెడ్డి, హైదరాబాదు పట్టభద్రుల నియోజకవర్గమున శాసనమండలి సభ్యుని నెన్నుకొందురు. 2021 మార్చిలో జరిగిన యెన్నికలో 93 మంది అభ్యర్థులు నిలువగా, వోటుకాగితము వార్తాపత్రిక యంతైనది. తెలంగాణ రాష్ట్ర సమితి నిలిపిన అభ్యర్థి శ్రీమతి సురభి వాణీదేవి. ప్రధానమంత్రిగా 1991నుండి 1996వఱకు దేశమును నడిపిన పి.వి. నరసింహారావుగారి కుమార్తె. ఎదుట సిట్టింగు సభ్యులగు ఎన్. రామచందర్‌రావు భారతీయ జనతాపార్టీ పక్షమునను, మాజీసభ్యులగు ఆచార్య కె. నాగేశ్వర్ స్వతంత్రులుగాను నిలిచిరి. మొదటి ప్రాధాన్యపు వోట్లతో నెవరికిని కావలసిన సంఖ్య రాలేదు. ఒక్కొక్కరిని తొలగించుచు రెండవ ప్రాధాన్యములు లెక్కించినమీదట వాణీదేవిగారు గెలిచిరి.

ఈమె విషయమున న్యాయముగా మాటాడవలయును. ఆమెకు తండ్రిపేరు దక్క వేఱేమియు లేదనుట యసత్యము. ఆమె చిత్రకారిణి, విద్యాసంస్థలను నెలకొల్పి నడపినవారు. పట్టభద్రుల ప్రతినిధికి ఇవి తగిన యర్హతలే. నరసింహారావుగారి కుమారులలో రంగారావుగారు ఆంధ్రప్రదేశ్ మంత్రిగాను, రాజేశ్వరరావుగారు 1996లో సికింద్రాబాదునుండి లోకసభ సభ్యులుగాను ఉండిరి. వారిద్దఱును తండ్రి పక్షముననే యుండిరి. ఈమెను నిలిపినది తండ్రి జీవితమంతయు సేవించిన కాంగ్రెసు గాదు. నిలిపిన కాలమో, రాష్ట్రప్రభుత్వము ఆయన శతజయంతిని జరుపుచున్న సంవత్సరము. ఇచ్చట మా యాక్షేపము ఆమెమీద గాదు, పొగడినవారిమీద. చిత్రకళనుగూర్చియు, విద్యాసంస్థలనుగూర్చియు చెప్పవలసినచోట పి.వి. గారి కుమార్తె యను మాటతోనే చాలమంది సరిపెట్టిరి. ఒక స్త్రీ తన చేతులతో జేసిన పనిని వెనుకకు నెట్టి, ఆమె పుట్టుకను ముందునకు దెచ్చుట గౌరవమా? తండ్రియు నొప్పుకొనని గౌరవమది. విశ్వనాథవారి వేయిపడగలను సహస్రఫణ్ పేరున హిందీలోనికి దెచ్చిన యాయన పాండిత్యము, ఏ పుత్రునకు పుత్రికకు వ్రాసియిచ్చిన పొలము గాదు గదా.

ఈ నియోజకవర్గపు నిబంధనలలోనే ఒక గొప్ప నీతి దాగియున్నది. పట్టము పుచ్చుకొని మూడేండ్లు నిండినవారికే యిందు వోటు. తండ్రి పట్టభద్రుడైనందున కుమారునకు వోటు రాదు. అంతేకాదు, ప్రతి యెన్నికకును జాబితాను మొదటినుండి క్రొత్తగా వ్రాయుదురు. క్రిందటిమాఱు వోటువేసినవాడును మరల దరఖాస్తు పెట్టుకొనవలెను. తన స్వంత హక్కునే మఱుసటి యెన్నికకు సంక్రమింపజేసికొనలేని వోటరు, ఇతరుల పేరుప్రతిష్ఠలు తరతరములకు సంక్రమించునని యెట్లు నమ్మును?

ఆ నియోజకవర్గపు పేరులో మొదటిమాటయగు మహబూబునగరమునకును శాస్త్రిగారికిని సంబంధమున్నది. 1956 సెప్టెంబరులో ఆ ప్రాంతమున వంతెన కూలి రైలు పడిపోగా నూఱుమందికి పైగా మరణించిరి. అప్పుడు రైల్వేమంత్రి ఆయన. రాజీనామా యీయగా నెహ్రూగారు స్వీకరింపలేదు. నవంబరులో తమిళదేశమున అరియలూరు వద్ద మఱియొక ప్రమాదము జరిగినది. ఈమాఱు ఆయన పట్టుబట్టి తప్పుకొనిరి. వంతెనను ఆయన కట్టలేదు. బండిని ఆయన నడుపలేదు. అయినను శాఖ నాది గనుక బాధ్యత నాది యనెను. ఆయన పేరునకు వెల వచ్చినది పదవి పొందుటవలన గాదు, విడుచుటవలన. కావున ఆ పేరునకు వారసుడెవడని యడిగినచో మా సమాధానమిది: తన యేలుబడిలో జరిగిన తప్పునకు తానై లెక్క చెప్పువాడు. వాడు శాస్త్రిగారి మనుమడైనను సరియే, దిల్‌సుఖ్‌నగరపు కూలివాని బిడ్డయైనను సరియే.

దిల్‌సుఖ్‌నగర్ వీథులలో పోటీపరీక్షల శిక్షణాలయములును, హాస్టళ్లును క్రిక్కిఱిసియున్నవి. పాలమూరునుండి, నల్లగొండనుండి వచ్చిన యువకులు ఇరుకుగదులలో నుండి యేండ్లతరబడి చదువుచున్నారు. వారు నింపు ప్రతి దరఖాస్తులోను తండ్రిపేరు అను గడి యొకటి యుండును. అందు రైతు పేరున్నను, మంత్రి పేరున్నను, జవాబుపత్రము దిద్దువానికది కనబడదు. వానియెదుట నుండునది సంఖ్య మాత్రమే. చిన్న గుమాస్తా యుద్యోగమునకు మనమింత జాగ్రత్త పడుచున్నాము. శాసనములు చేయు నుద్యోగమునకు మాత్రము తండ్రిపేరు గడినే మొదట జదువుచున్నాము. ఈ వైపరీత్యమును ఆ యువకులు చూచుచునే యున్నారు. కష్టపడి చదివినవానికి గుమాస్తాపని, పుట్టినవానికి ప్రభుత్వము అను పాఠము వారికి మనమే నేర్పుచున్నాము. దీనికి మించిన నష్టము వేఱొకటి లేదు.

చేయవలసినది కష్టమైనదేమియు గాదు. నాయకుని బిడ్డ వోటడుగ వచ్చినప్పుడు వెళ్లగొట్టనక్కఱలేదు; మ్రొక్కనక్కఱయు లేదు. కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి, అమ్మా, అయ్యా, మీ నాయనగారిని మేమెఱుగుదుము. మీరు చేసినదేమి, చేయనున్నదేమి యని యడిగిన జాలును. సరియైన సమాధానము వచ్చినచో పుట్టుకను వారికి నేరముగా నెంచక వోటు వేయవలెను. రాకున్నచో రెండవ ప్రాధాన్యము గూడ వేయరాదు. ఇంటిలో పెద్దవారిట్లడుగుట పిల్లలు వినవలెను. ఎల్బీ యను రెండక్షరముల వెనుక జాఱిపోయిన మూడవమాట ఇంటిపేరు గాదనియు, ఒకడు చదివి సంపాదించిన పట్టమనియు వారికి జెప్పవలెను. చదువరులు యోచింతురుగాక.